శ్రీశైలయాత్రలో బస

యాత్రలను గూర్చి వ్రాయువారు గోపురముల యెత్తును, తీర్థముల మహిమను, కొండకోనల సొంపును వర్ణింతురు గాని, ఆ రాత్రి తామెక్కడ పండుకొనిరో, ఆ గది తలుపునకు లోపలివైపున గడియ యుండెనో లేదో వ్రాయరు. పురుషులకది స్వల్పవిషయము, భుజముమీది తువ్వాలు పఱచుకొని యే మండపముననైనను వాలగలరు. మోకాళ్లు పట్టిన అత్తగారిని, ఈడు వచ్చుచున్న కూతురిని వెంటనిడుకొని పోవు నిల్లాలికి మాత్రము బస సరిగా కుదిరినగాని దేవునిపై మనసు నిలువదు. ఈ మాట పుస్తకములు చదివి చెప్పుట లేదు. ఐదేండ్ల యెడమున ఒకే క్షేత్రమునకు రెండుసార్లు బయలుదేఱి, అందొకసారి బస మూలముననే దర్శనము లేక మరలివచ్చినదానను.

ఇది వ్రాయుటకు ప్రేరణ నా చెల్లెలి యుత్తరము. ఆమె భర్తతో స్కాట్లండు దేశమున ఎడింబరో నగరమునందు కాపురమున్నది. సెలవులలో అక్కడి యుత్తరపు కొండసీమలు చూడబోయి, గెస్టు హౌసులలో దిగిన సంగతి వ్రాసినది. అవి మన హోటళ్ల వంటివి కావట. కాపురపు టింటిలోనే నాలుగైదు గదులు బాటసారులకు అద్దెకిచ్చి, ఉదయమున ఇంటి యజమానురాలే ఫలాహారము పెట్టునట. ఓట్లతో కాచిన జావ ఆ దేశపువారికి ప్రీతి. మాంసము ముట్టనివారు గది కుదుర్చుకొనునప్పుడే ఆ మాట చెప్పవలెను. లేనిచో తెల్లవాఱుసరికి పళ్లెరములో పందిమాంసము ప్రత్యక్షమగునని వ్రాసి నన్ను నవ్వించినది. ఆగస్టు నెలలో ఎడింబరోయందు 1947 మొదలు జరుగుచున్న కళోత్సవములకు లోకమెల్ల వచ్చి పడును గాన, అప్పుడక్కడ గది దొరకుట మనకు శివరాత్రినాడు శ్రీశైలమున గది దొరకుట వంటిదే. కొలదినాళ్లకు గదులద్దెకిచ్చువారు అనుమతిపత్రము పొందవలెనను శాసనము కూడ అక్కడ నున్నది. అంతకుముందు నుండి ఇచ్చుచున్నవారు 2023 అక్టోబరు 1వ తేదీలోగా దరఖాస్తు పెట్టుకొనవలసి వచ్చెను. ఆ పత్రపు సంఖ్య చూచియే తాము గది కుదుర్చుకొందుమని చెల్లెలు వ్రాసి, చివర, "అక్కా, మేము సంక్రాంతికి వచ్చి శ్రీశైలము పోదలచినాము. మన వైపున ఏమి చూచి దిగవలెను?" అని యడిగినది. మన అమరావతి స్తూపమును పద్దెనిమిదవ శతాబ్దపు చివర చూచి వ్రాసిపెట్టిన మెకంజీ దొర పుట్టినది స్కాట్లండునకు చెందిన లూయిస్ దీవిలోనే. ఆయన ఆ దేశమునుండి వచ్చి మన సీమలో ఎన్ని చోట్ల దిగెనో గదా! ఆయన వెంట బంట్రోతులుండిరి, సామానులుండెను. మనకట్టివి లేవు. అందుచేత అడిగియే దిగవలెను.

బసను పరీక్షించుట మన పూర్వులెఱుగని విద్య కాదు. భారతమున వారణావతమునందలి క్రొత్తయింట అడుగిడినపుడు ధర్మరాజు నేతివాసనయు లక్కవాసనయు పసిగట్టి భీమునితో చెప్పిన కథ మీరెల్లరు నెఱిగినదే. నేనును ఏ గదినైనను మొదట ముక్కుతోనే చూతును. మూసియుంచిన తేమవాసన యొకటి, మురుగువాసన యొకటి, ఈ రెంటిని కప్పుటకు వెలిగించిన యగరువత్తి వాసన యొకటి. మూడవదియే యెక్కువ అనుమానింపదగినది.

మా దారిలోని వినుకొండ పేరు ఇంటిపేరుగా గల వల్లభరాయని క్రీడాభిరామమున ఓరుగంటి పూటకూటింటి భోజనము వర్ణింపబడినది. ఒక రూకకు అన్ని వంటకములు పెట్టిరని చదివి చిన్నతనమున నోరూరినది. మా తండ్రిగారు నాచేత ఆ భాగము మాత్రము చదివించి తక్కిన పుటలు దాటించిరి. పెండ్లియైన పిమ్మట మావారి బీరువాలో ఆ గ్రంథము దొరికినపుడు గదా ఆ దాటింపునకు కారణము తెలిసినది! ఇక ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేఱి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి మరలివచ్చిరి. దారిలో శ్రీశైలమును సేవించిరి. వారి యాత్రాచరిత్రలో నాకు నచ్చినది క్షేత్రమాహాత్మ్యము కాదు. ఈ యూర దిగుటకు చోటున్నదా, నీళ్లెట్టివి, సామానులు దొరకునా యని మజిలీ మజిలీకిని వ్రాసిపెట్టిన గృహస్థబుద్ధి. ఇంటిల్లిపాదిని, పరివారమును వెంటబెట్టుకొని పోయినవారు గనుక అట్లు వ్రాసిరి. ఒంటరివాడైనచో వ్రాసియుండడు.

మా యూరు నరసరావుపేటకును వినుకొండకును నడుమ నల్లరేగడి నేలలో నున్నది. చుట్టును ప్రత్తి, మిరప. మావారు ఉన్నత పాఠశాలలో నుపాధ్యాయులు. అందుచేత మా యాత్రలన్నియు సెలవులకే, అనగా లోకమంతయు బయలుదేఱునపుడే. మా వైపువారు శ్రీశైలమునకు వినుకొండ, త్రిపురాంతకము, యఱ్ఱగొండపాలెము, దోర్నాల మీదుగా పోవుదురు. త్రిపురాంతకము ఆ మహాక్షేత్రమునకు తూర్పువాకిలి. అద్దంకి రాజధానిగా నేలిన ప్రోలయ వేమారెడ్డి కొండకు మెట్లు కట్టించినందున మన సీమ జనులకు ఆ త్రోవ పదునాలుగవ శతాబ్దమునాటికే కాలికి వచ్చిన త్రోవ. దోర్నాల దాటినది మొదలు నల్లమల. సుమారు యేబది కిలోమీటర్ల ఘాటుదారి. అది పెద్దపులుల సంరక్షణవనమగుటచే అటవీశాఖవారు రాత్రి తొమ్మిది గంటలకు దారి మూసి ఉదయమాఱింటికి తెఱతురు. ఈ ఒక్క సంగతి తెలియకపోవుటచేతనే 2017వ సంవత్సరమున మా కష్టమంతయు వచ్చినది.

అప్పుడు కార్తికమాసము. మావారు బడినుండి వచ్చి, మేము బాడుగకారులో బయలుదేఱుసరికి సాయంకాలమైనది. త్రోవలో ప్రత్తిబోరెముల ట్రాక్టరొకటి అడ్డముగా ఒరిగి గంటసేపు కదలనీయలేదు. త్రిపురాంతకమున చెఱువునడుమ నున్న బాలాత్రిపురసుందరిని చూడకుండ పోరాదని అత్తగారనిరి. దోర్నాల చేరునప్పటికి తొమ్మిది దాటినది, దారి మూసియున్నది. వెనుకకు మరలి దారిలోని యొక యూరికి వచ్చి, దీపములు బాగుగా వెలుగుచున్న యొక వసతిగృహము ముందు కారు ఆపితిమి. ఆ యూరి పేరును, ఆ యింటి పేరును వ్రాయను. మావారు "గది చూచి వత్తువా?" అని నన్నడిగిరి. నేను బడలియుంటిని. "ఒక్క రాత్రికేమి, ఎక్కడనైన తలవాల్చుదము" అంటిని. ఆ మాట అనినది నేనే యని జ్ఞాపకముంచుకొనుడు.

గది మేడమీద. తలుపునకు లోపలి గడియ ఊడిపోయి రంధ్రము మాత్రమున్నది. క్రింది వసారాలో మగవారు కొందఱు పేకాడుచు కేకలువేయుచుండిరి. కుర్చీయొకటి తలుపునకు చేరవేసి, దానిపై పెట్టె పెట్టి, నేను మేలుకొని కూర్చుంటిని. మావారు పగలెల్ల పాఠములు చెప్పి, ఆ పిమ్మట ప్రయాణము చేసి వచ్చిరి గాన కన్నుమూసిరి. పిల్ల నా తొడపై తలపెట్టి నిద్రించుచుండెను. మూడుగంటల వేళ నాకును కునుకు పట్టినది. సరిగా అప్పుడే అత్తగారు లేచిరి. నన్ను లేపుటకు మనసు రాక తామే స్నానపుగదికి పోయిరి. ఆ గది నేల పడకగదికన్న జానెడు పల్లము, నున్నని పలకలు, దీపము వెలుగలేదు. జాఱి పడి మణికట్టు ఎముక విఱిగినది.

తెల్లవాఱగనే నరసరావుపేటకు మరలి కట్టు వేయించితిమి. శ్రీశైలము ఏబది అఱువది కిలోమీటర్ల దూరమున నుండగనే వెనుదిరిగితిమి. అత్తగారు నన్నొక్క మాట అనలేదు. చూడవచ్చిన బంధువులతో ఒకసారి మాత్రము, "శిఖరమైనను కంటబడలేదు" అనిరి. వంటయింటిలో నున్న నాకు వినబడినది. వారు తిట్టియున్నచో నాకింత భారముండెడిది కాదు.

ఆ కట్టుండగనే మా తల్లికి జబ్బుచేసి నేను పుట్టింటికి పోవలసివచ్చినది. ఆ పదిదినములును అత్తగారికి జడవేసి, చీరకట్టి, అన్నము కలిపి నోటికందిచ్చినది మా ప్రక్కయింటి యక్క. ఆమె మా కులమువారు కాదు. భర్త పోయినది మొదలు మూడెకరములు కౌలుకు చేసికొని, ఒక యెకరమున ప్రత్తియు, రెంటిలో మిరపయు వేయును. 2021లో మా గుంటూరు, ప్రకాశం సీమల మిరపతోటలపై నల్ల తామరపురుగు వచ్చిపడిన సంగతి మీలో కొందఱికి స్వానుభవమే యై యుండును. పూవులో దూఱి పూవును రాల్చునది. ఎన్ని మందులు కొట్టినను లొంగలేదు. అక్క తోట కళ్లయెదుటనే ముడుచుకొనిపోయినది. దున్నించివేసి గట్టుమీద కూర్చుండి, వచ్చు పంట నిలిచినచో తన చేని ప్రత్తితో తానే చేసిన వత్తులతో మల్లన్నకు దీపము పెట్టుదునని మ్రొక్కుకొనినది. 2022లో పైరు నిలిచినది. ప్రత్తి మొదటితీత కాగానే ఏఱి, గింజ తీసి, వత్తులు చేసి పెట్టుకొనినది. "పంతులమ్మా, మీరెప్పుడైన కొండకు పోయిన నన్నుకూడ పిలువుడు. నాకు దారి తెలియదు" అని నన్నడిగినది. అత్తగారు విని, "దారి తెలిసినవారు మాత్రము ఏమి చేరిరి? ఈసారి నీవుంటే చేరుదుము" అనిరి.

అట్లు 2022 మార్గశిరమున రెండవ యాత్రకు తలపెట్టితిమి. కార్తిక సోమవారములు గడచిపోయినవి; శివరాత్రి దూరమున్నది; కన్నడ దేశపు భక్తులు కాలినడకన వచ్చు ఉగాది ఇంకను దూరము. మిరప కోతలు మొదలుకాలేదు గాన అక్కకు రెండుదినములు వీలు. గది సుఖముగా దొరకవలెనన్న క్షేత్రము ఖాళీగానుండు దినములు చూచుకొనుట మొదటి పని. అయితే మార్గశిరమున కొండపై చలి గట్టిగా నుండునని కంబళ్లు పట్టుకొంటిమి.

ఈసారి నేను "ఎక్కడనైన" అనలేదు. బడలియున్నవారు అడుగవలసినవి అడుగరు గనుక, ముందే కాగితముపై వ్రాసికొని ఫోనులో అడిగితిని. గది నేలమట్టముననున్నదా, మెట్లెక్కవలెనా? స్నానపుగది నేల గదితో సమమా, పల్లమా? మోకాళ్లు వంగనివారికి కుర్చీవంటి మరుగుదొడ్డి యున్నదా? తలుపునకు లోపలి గడియయు, మన తాళము వేసికొనుటకు కొక్కెమును ఉన్నవా? కిటికీకి వలయున్నదా? (కొండపై కోతులు మెండు, మూట విప్పుకొని తినునంతటి ఘనులు.) వేడినీళ్లు ఏ వేళకు వచ్చును? రాత్రి కరెంటు పోయినచో జనరేటరు కలదా? భోజనము ఎన్ని గంటలకు, ఆ వేళ దాటినచో ఏమి గతి? ఇరువదినాలుగు గంటలు ఎప్పటినుండి లెక్కింతురు? ఎవరెవరి ఆధారు కార్డులు కావలెను? బదులు చెప్పువాడు విసుగుకొనినచో అదియు నొక బదులే. తాను గది చూడకయే "అన్నియు ఉన్నవమ్మా" అనువాడును విసుగుకొనువాడును నాకొకటే. ఉన్నదానిని ఉన్నదని, లేనిదానిని లేదని చెప్పువానియొద్ద దిగవచ్చును.

శ్రీశైలమున బసలు రెండు తెఱగులు. దేవస్థానమువారి సదనములు, కాటేజీలు ఒకటి. వీనిని ముందుగానే ఇంటర్నెట్టు ద్వారా కుదుర్చుకొనవచ్చును. ఆయా కులములవారు కట్టించిన సత్రములు రెండవది. ఈ సత్రములను తక్కువచేసి మాటాడుట నాకిష్టము లేదు. కొండపై నిలువనీడ లేని దినములలో ఎందఱో గృహస్థులు తమ కష్టార్జితమిచ్చి కట్టించినవి. నేటికిని పెక్కింట ఆకలిగొన్న యాత్రికునికి రెండుపూటల పంక్తిలో అన్నము పెట్టుచున్నారు. మావారి బంధువొకరు మా వారి సత్రమొకటి మిక్కిలి శుభ్రమని చెప్పగా, నా ప్రశ్నలన్నిటిని దాని గుమాస్తాకే వేసితిని. ఆయన ఓపికగా చెప్పెను. నేలమట్టపు గది, సమమైన నేల, గోడకు పట్టుకొనుటకు కమ్మి కూడ కలదట. నా ప్రాణము లేచివచ్చినది. అడుగవలసినవన్నియు అడిగితినని పొంగితిని. అడుగనిదొకటి మిగిలినది.

ఉదయము నాలుగింటికే బయలుదేఱి ఎండ కాయకముందే దోర్నాల దాటితిమి. శిఖరేశ్వరమువద్ద దిగుదమని నేననగా, పై మెట్లవరుస చూచి అత్తగారు తల అడ్డముగా నాడించిరి. "ఆ మెట్లు నావి కావు, పోనిండు" అనిరి. సత్రము చేరితిమి. గది చూపిరి. చెప్పినవన్నియు నిజమే. కమ్మి కూడ నున్నది. అత్తగారు దానిని పట్టుకొని చూచి నావైపు తిరిగి నవ్విరి. పిమ్మట పుస్తకములో పేర్లు వ్రాయునప్పుడు గుమాస్తా మా యింటిపేరు వ్రాసికొని, అక్క యింటిపేరు అడిగెను. ఆమె చెప్పినది. ఆయన కలము ఆపి, మర్యాదగానే, "వీరికి ఇక్కడ వీలుపడదమ్మా. దాతలు పెట్టిన నియమము. వీరివారి సత్రము ఆ వీథిలో నున్నది" అనెను.

నేను చెప్పనేల, ఆ క్షణమున నా మనసున మొదట మెదలినది ఆ కమ్మియే. అటువంటి గది ఇక దొరకదు. అక్క ఆ సత్రముననే పండుకొని ఉదయము కలిసికొనరాదా? రెండు వీథుల దూరమే గదా? మావారు నేలచూపులు చూచుచుండిరి. అక్కయే, "పోనీలే పంతులమ్మా, నేను గుడిమండపములోనైన పండుకొందును. మామ్మగారికి ఈ గది బాగున్నది" అని తన సంచి చేతబట్టుకొనినది. ఆ సంచిలో వత్తులున్నవి.

అప్పటికి అత్తగారు కుర్చీలో కూర్చుండి నీళ్లు త్రాగుచుండిరి. చెంబు క్రింద పెట్టి గుమాస్తాతో, "నాయనా, పదిదినములు ఈమె చేతి యన్నము తినినదానను. నీ పుస్తకములో నా పేరుకూడ కొట్టివేయుము" అనిరి. కోపముగా ననలేదు, కూరగాయలవానితో బేరము కుదరక లేచివచ్చునపు డనునట్లనిరి. గుమాస్తా ముఖము చిన్నబోయినది. ఆయన కట్టించిన నియమము కాదు గదా! భోజనమైన చేసి పొండు, భోజనమునకు నియమము లేదని బతిమాలెను. తిని వచ్చితిమి. అన్నము విడుచుట మాకు తగదు. పంక్తిలో అక్క మా ప్రక్కనే కూర్చుండినది. తినుటకు లేని పట్టింపు నిద్రించుటకేల వచ్చెనో నాకర్థము కాలేదు.

ఇక దేవస్థానపు వసతివిభాగము. ముందుగా కుదుర్చుకొనలేదు గాన వరుసలో నిలిచి, దాదాపు రెండుగంటలు కాచుకొంటిమి. ఇక్కడ పేరడిగిరి, ఊరడిగిరి, ఆధారు చూచిరి, వేఱేమియు నడుగలేదు. ఉన్న గది రెండవ అంతస్తున. లిఫ్టు లేదు. నేను మెట్లవైపు చూచి కంటనీరు పెట్టుకొంటిని. ఐదేండ్ల క్రిందట చూడక దిగి చెఱిచితిని. ఇప్పుడు చూచియు చెఱిచితినే యనిపించినది.

అక్క ఆ మెట్లను ఒకసారి పరికించి చూచినది. "మామ్మగారూ, మిరపటిక్కీలు మేడమీదికి ఎట్లెక్కింతుమో చూచితిరా? ఒక్కుమ్మడిగా ఎత్తము. ఒక్కొక్క మెట్టుమీద దింపి, ఊపిరి తీసికొని, మఱల ఎత్తుదుము" అనినది. అత్తగారిని మెట్లకు వీపుచేసి కూర్చుండబెట్టి, తాను క్రింద నిలిచి పాదముల నానించి, చేతులతో వెనుక మెట్టుపై ఒత్తుకొని లేచి కూర్చుండుమనినది. ఒక మెట్టు. ఊపిరి. ఇంకొక మెట్టు. మా యమ్మాయి లెక్కపెట్టినది, నలువది రెండు. పదునైదు నిమిషములు పట్టినది. దారిలో దిగివచ్చువారు ఒదిగి నిలుచుచుండిరి. ఒకామె తన నీళ్లసీసా ఇచ్చినది. పైకి చేరిన పిదప అత్తగారు, "నన్ను టిక్కీని చేసితివి గదే" అని నవ్విరి.

గది సామాన్యమైనది. గడియ గట్టిది. కిటికీకి వల కలదు. స్నానపుగది నేల పల్లమే. మా పాతచీర నొకదానిని మడిచి, తడిపి పిండి, ఆ గట్టుకడ పఱచితిని. తడిగుడ్డ నున్నని పలకపై జాఱదు. కుర్చీవంటి దొడ్డి లేదు; దేవస్థానపు సేవకురాలినడుగగా నడుమ రంధ్రమున్న ప్లాస్టిక్ కుర్చీ యొకటి తెచ్చి ఇచ్చినది. వృద్ధులకని ఉంచుదురట, అడిగినవారికే ఇత్తురు. దీపమారకుండ నేనొక చిన్న బ్యాటరీదీపము కొనిపోతిని. సోదరీమణులు బసకు తమతో కొనిపోవలసినవి మూడే యని నా యభిప్రాయము: తాళము, దీపము, పాతచీర. దుప్పటి యెవరైన ఇత్తురు.

ఆ రాత్రి అక్కయు అత్తగారును మంచముమీద ఎదురెదురుగా కూర్చుండి మిగిలిన ప్రత్తితో వత్తులు చేసిరి. విఱిగిన మణికట్టు పూర్తిగా తిరుగదు గాన అత్తగారు చేసినవి వంకరగానుండెను. అక్క వానిని సరిచేయలేదు. ఏ పేకాటకేకలును లేవు. ఎక్కడో ఒకచోట భజన, గాలికి చెట్లరొద. నేను కుర్చీ తలుపునకు చేరవేయక, ఐదేండ్ల తరువాత తొలిసారి, ప్రయాణమున కంటినిండ నిద్రపోతిని.

ఉదయమున వృద్ధుల వరుసలో మల్లికార్జునస్వామి దర్శనమును, భ్రమరాంబా దర్శనమును నిదానముగ జరిగినవి. అక్క దీపము పెట్టినది. ఆ వంకరవత్తులే ముందు వెలిగించినది.

క్రిందికి వచ్చునపుడు శిఖరేశ్వరమువద్ద కారు ఆపుమని అత్తగారే చెప్పిరి. "మొన్న కాదంటిరి గదా?" అని మావారనిరి. "మొన్న నాకు మెట్లెక్కుట రాదు" అని వారనిరి. మెట్లకు వీపుచేసి కూర్చుండిరి. అక్క క్రింద నిలిచినది. ఈసారి పట్టిన కాలము లెక్కపెట్టలేదు. పైన నువ్వులు చల్లి, నంది కొమ్ములనడుమనుండి చూచుట ఆచారము. అత్తగారికి కంటిచూపు మందము, మంచుకూడ పట్టియుండెను. చాలసేపు చూచిరి. "కనబడినదా?" అని నేనడిగితిని. "తెల్లగా ఏదో కనబడినది. శిఖరమో, అక్క ప్రత్తియో" అనిరి.

సంధ్యవేళకు వినుకొండ దాటి ఇల్లు చేరితిమి. అక్క సంచి దింపుకొనుచునే, రేపటి ప్రత్తితీతకు కూలీలు ఎందఱు వత్తురో కనుక్కొనుటకు వీథిచివఱకు పోయినది. చెల్లెలికి వ్రాసిన యుత్తరమున నా ప్రశ్నల కాగితమును నకలు చేసి పంపితిని. చివర నొక ప్రశ్న చేర్చితిని: "మాతో వచ్చువారందఱికిని ఒక్కచోట గది ఇత్తురా?" దానిని అన్నిటికన్న ముందడుగుమని దాని ప్రక్క గీత గీసితిని.